వాకిటి ఎదుటి నిట్రాడు

3 నవంబర్ 2011, గురువారం

నేనే కోశానని రాశారు. నా అంతట నేనే, ఎవరూ చెప్పకుండా, ఎవరూ పక్కన లేనప్పుడు కోశానని. కింద రెండు సంతకాలు. ఒకటి కీత్‌ది, నాకు పనిచ్చిన కాంట్రాక్టరు. రెండోది ఆ ఇంటి ఓనరు, మన తెలుగాయన శేషగిరి అన్నయ్యది. అన్నయ్య! ఇకనుంచి ఆ మాట రాయను.

మునిసిపాలిటీ లాంటి ఇక్కడి కౌన్సిల్ నుంచి కవరు వచ్చింది. పాత ఇళ్ళ సంగతి చూసే ఆఫీసరమ్మ ఉత్తరం, దానికి పిన్ను చేసి వాళ్ళిద్దరి కాగితం నకలు. లిస్టెడ్ ఇంట్లో, అంటే పాతదని ప్రభుత్వం కాపాడే ఇంట్లో, అనుమతి లేకుండా ఓక్ స్తంభం తీసెయ్యడం నేరమట. నవంబర్ 28 సోమవారం లోగా నా జవాబు రాసి పంపాలట. పంపకపోతే ఉన్న కాగితాల్ని బట్టి ముందుకు పోతారట. ఉన్న కాగితం ఒక్కటే. అందులో ఉన్న పేరూ ఒక్కటే.

జూన్‌లో నా వీసా అయిపోతుంది. మళ్ళీ అప్లై చేస్తే ఫారంలో ఒక గడి ఉంటుంది — మీ మీద ఎప్పుడైనా కేసు అయిందా? ఇన్నాళ్ళూ ఆ గడి వైపు సరిగ్గా చూసింది కూడా లేదు. గీత కొట్టి కిందికి దిగిపోయేవాణ్ణి.

4 నవంబర్

పనికి రావద్దని కీత్ మెసేజి. కారణం లేదు. చివర నవ్వే మొహం బొమ్మ. ఎవరికి ఏం పంపినా వాడు అదే పెడతాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా పెట్టాడు.

5 నవంబర్, శనివారం

సాయంత్రం బయట టపాకాయలు. వీళ్ళ పండగ. కిటికీ వేసుకుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. ఆలస్యం చేస్తే నాకు నేనే మంచివాణ్ణి అయిపోతాను.

ఆ ఇల్లు. బేసింగ్‌స్టోక్ దాటి బస్సులో ఇరవై నిమిషాలు. నాలుగొందల ఏళ్ళ నాటిది. చిన్నది — కింద రెండు గదులు, పైన రెండు, మధ్యలో ఇటుకల పొగగొట్టం. ఇల్లంతా ఓక్ కర్రల చట్రం. బరువు మోసేది గోడలు కాదు, ఆ చట్రం. గోడ అంటే కర్రకీ కర్రకీ మధ్య తడిక కట్టి, పేడా గడ్డీ కలిపిన మట్టి మెత్తడమే. మేలో నేను పనికి చేరిన మొదటి రోజు కీత్ ఆ మట్టి వైపు చూసి మొహం అదోలా పెట్టాడు. నేను చెయ్యి పెట్టి కలిపాను. అందరికంటే నేను మెత్తిన గోడే పగలకుండా ఆరింది. అప్పటినుంచి మట్టి పని నాదే.

ఇనుప మేకు ఒక్కటి లేదు. అన్నీ చెక్క మేకులు. ప్రతి అతుకు దగ్గరా ఉలితో గీసిన గీతలు... మూడు గీతల నిట్రాడు, అంటే నిలువు స్తంభం, మూడు గీతల దూలంలోకే వెళ్ళాలి. వడ్రంగి తన దొడ్లో చట్రమంతా నేల మీద పరిచి, అతికించి చూసుకుని, గుర్తులు పెట్టి, విప్పి, బళ్ళ మీద ఇక్కడికి తెచ్చి లేపాడు. ఇదంతా ఎవరూ నాకు చెప్పలేదు. కాలేజీలో ఏడాది పాటు వీళ్ళు నేర్పింది స్లైడ్లు తిప్పడం. ఇది లైబ్రరీ పుస్తకం ఒకటీ, టార్చిలైటు ఒకటీ, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడటం.

వాకిలి తీసి అడుగు పెడితే ఎదురుగా ఐదడుగుల్లో నిట్రాడు. ఎనిమిదంగుళాల చదరం. ఒకప్పుడు అక్కడ అడ్డగోడ ఉండేది. గోడ పోయింది, నిట్రాడు ఉండిపోయింది. పై అంతస్తు మోసే దూలం నడుము దాని తల మీద. గుర్తు నాలుగు గీతలు.

సింహద్వారానికి ఎదురుగా స్తంభం. వాస్తులో ద్వారవేధ అనే దోషం.

ఆ మాట శేషగిరి వాళ్ళ చెవిన పడేసరికి ఇల్లు కొని ఆరు నెలలు. ఏప్రిల్‌లో శేషగిరి భార్య మాధవి వదినకి కడుపు పోయింది. ఐదో నెల.

వదిన అన్న మాట కొట్టెయ్యబోయాను. కొట్టలేదు.

6 నవంబర్, ఆదివారం

పక్క గది నాగేంద్రకి ఉత్తరం చూపించాను. టేక్‌అవేలో పని చేస్తాడు, ఆదివారం ఒక్కటే వాడికి సెలవు. పడుకునే చదివాడు.

'ఎమ్మెస్సీ చేసి, కర్ర కోసి, కేసులో ఇరుక్కున్నావు. మీ ఇంట్లో డిజైన్ ఇంజినీరని చెప్పావు గదరా.'

'నోరు ముయ్.'

'ముయ్యటానికేముంది. ఇంతకీ కోసింది నువ్వేనా, కాదా?'

'నేనే.'

వాడు లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత జోకులు వెయ్యలేదు.

8 నవంబర్, మంగళవారం

అవును, నేనే. ఇది కూడా రాయాలి.

అక్టోబర్ 14, శుక్రవారం. ఉదయం తొమ్మిదీ ఇరవై లోపు ముహూర్తం. విజయవాడ సిద్ధాంతి పెట్టాడు. శేషగిరి ఆఫీసుకి సెలవు పెట్టి, పట్టుపంచె మీద కోటు వేసుకుని వచ్చాడు. ఇంట్లో హీటింగ్ లేదు. స్టూలు మీద ల్యాప్‌టాప్, అందులో స్కైప్, స్కైప్‌లో సిద్ధాంతి. గుండ్రటి మొహం, ఆగి ఆగి కదిలే బొమ్మ.

అంతకు ముందు రోజే కీత్‌కి చెప్పాను, కౌన్సిల్ అనుమతి కావాలని. ఫారం పెడితే రెండు నెలలు పడుతుంది, కస్టమరు దీపావళి లోపు కావాలంటున్నాడు అన్నాడు. ఇనుప దూలం దాచిపెట్టి బిగిస్తాం, ఎవడికీ కనపడదు అన్నాడు. శేషగిరికీ చెప్పాను, ఇది దూలాన్ని మోస్తోందని.

'కీత్ చూసుకుంటాడు లేవయ్యా. ముప్పయ్యేళ్ళ నుంచీ ఇదే పని వాడికి.'

'అయితే వాణ్ణే కొయ్యమనండి.'

'ముహూర్తం పెట్టుకుని తెల్లాయన చేత కోయిస్తామా? మనవాడివి నువ్వుండగా. నీ చేత్తో అయితే మంచిది, తమ్ముడూ.'

తమ్ముడు. అంతే... ఆ ఒక్క మాటకే.

రంపానికి కుంకుమ పెట్టాడు. కరెంటు రంపం, పసుపురంగు ప్లాస్టిక్‌ది. బ్లేడుకి పెట్టబోతే కీత్ వేలు తెగుతుందని చెయ్యి పట్టుకుని ఆపాడు. మరో చేతిలో టీ కప్పు. నిట్రాడి మొదట్లో కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు ఓక్ మీద పడి నల్లగా ఇంకాయి. దూలం కూలకుండా ఊతంగా రెండు వైపులా రెండు ఇనుప గుంజలు, ప్రాపులు. నాలుగు పెట్టాలని పుస్తకంలో ఉంది. నేను చెప్పలేదు. అప్పటికే ఒకసారి వద్దన్నాను కదా, ఇంకెన్ని సార్లు అనుకున్నాను.

ముందు కింద, తర్వాత పైన. రెండు బ్లేడ్లు అరిగిపోయాయి. లోపల ఇంకా తేనెరంగే. పుల్లటి వాసన, చింతతొక్కు జాడీ మూత తీసినట్టు. పై కోత పూర్తవుతుండగా దూలం దిగింది. అర అంగుళం. పెద్ద చప్పుడేం కాదు — ముసలాయన కుర్చీలో కూలబడి మూలిగినట్టు. పైన పడకగది తలుపు అప్పటినుంచీ పట్టేసింది.

సిద్ధాంతి శుభం అన్నాడు. వదిన నిట్రాడు ఉన్న ఖాళీలోకి వెళ్ళి నిలబడింది. బయటినుంచి వచ్చే గాలి ఆమె మీదినుంచి నేరుగా వెనక గదిలోకి పోయింది.

దాన్ని మూడు ముక్కలు చేసి వీధిలో చెత్త వేసే ఇనుప తొట్టిలో పడేసిందీ నేనే. ఎదురింటి ముసలావిడ కుక్కని తిప్పుతూ చూసింది. ఆవిడే ఫోను చేసి ఉంటుంది. చేసి మంచి పని చేసింది.

9 నవంబర్

నాలుగొందల ఏళ్ళలో దాన్ని పురుగు తినలేదు, చెమ్మ తినలేదు. నేను పావుగంటలో తిన్నాను.

10 నవంబర్, గురువారం

కౌన్సిల్‌కి ఫోను చేశాను. ఆఫీసరమ్మ గొంతు మామూలుగా ఉంది, కోపం లేదు. ఒక్కటే అడిగింది: కోస్తున్నప్పుడు గదిలో ఎవరెవరున్నారు?

నోటి దాకా వచ్చింది. రాసి పంపిస్తానన్నాను.

ఎందుకు చెప్పలేదంటే... చెప్తే ఎందుకు కోశారని అడుగుతుంది. అదీ చెప్పాలి. ఏప్రిల్ సంగతి కౌన్సిల్ ఫైల్లోకి వెళ్తుంది. ముందు ఒకసారి వాళ్ళతో ముఖాముఖి మాట్లాడాలి.

12 నవంబర్, శనివారం

వెళ్ళాను. పని పూర్తయ్యేదాకా వాళ్ళు టౌన్లో ఫ్లాట్‌లోనే ఉన్నారు. తలుపు తీసింది పాప అన్వి. ఏడేళ్ళు. 'అమ్మా, కోటి అంకుల్' అని కేకేసి, నేను తెలుగులో ఏం అడిగినా ఇంగ్లిషులో జవాబు చెప్పి, టీవీ ముందుకి పోయింది.

కాగితం బల్ల మీద పెట్టాను. శేషగిరి దాని వైపు చూడలేదు. తనది కాని సంతకం అన్నట్టు కూర్చున్నాడు.

జనవరికి వాళ్ళు ఈ దేశం వచ్చి ఐదేళ్ళు నిండుతాయట. ఇక్కడ పర్మనెంటుగా ఉండటానికి అప్లికేషను పెడుతున్నారట. కేసుంటే మొత్తం పోతుందట, పాప స్కూలు, ఇల్లు, ఉద్యోగం. అంతా కిందికి చూస్తూనే చెప్పాడు. కౌన్సిల్ వాళ్ళు పనివాడి మీదికి పోరట, ఒక వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారట. ఎవరు చెప్పారు? కీత్ చెప్పాడట.

'మరి నా వీసా?'

'నీది ఎట్లాగూ జూన్‌కి అయిపోయేదే గదా, కోటీ.'

'అయిపోతే?'

'అదే... ఎట్లాగూ వెళ్ళేవాడివి.'

ఎట్లాగూ. ఆ మాట రెండుసార్లు. నేను ఎట్లాగూ వెళ్ళేవాణ్ణి కాబట్టి పోయేటప్పుడు చెత్తబుట్ట కూడా చేత్తో పట్టుకుపోవాలి. డోర్సెట్‌లో ఇలాంటి చట్రాలు కట్టే చోట ఉద్యోగానికి ఫిబ్రవరిలో వచ్చి పనితనం చూపించమన్నారు. అది వీళ్ళకి చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

వదిన వంటగదిలోంచి ఉప్మా తెచ్చి పెట్టింది. ఆ ప్లేటు గోడకేసి కొట్టాలి. కొట్టాల్సింది. తిన్నాను. పైగా కారం బాగుందన్నాను. అదీ నా సంగతి.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి వదిన గొంతు — 'కోటీ, ఆయన మీద కోపం పెట్టుకోబాక.' తిరిగి చూడలేదు.

13 నవంబర్

రోజంతా వాన. ఆ ప్రాపులు రెండే.

15 నవంబర్, మంగళవారం

సిద్ధాంతి నంబరు నా ఫోన్లోనే ఉంది. ఆ రోజు స్కైప్ తెగితే నా ఫోన్నించే ఆయనకి చేశారు. ఇక్కడ పదకొండు, అక్కడ సాయంత్రం. చేశాను. గుర్తుపట్టాడు, 'రంపం పట్టిన కుర్రాడివా' అన్నాడు. అందరం గదిలో ఉన్నామని ఒక కాగితం మీద రాసిమ్మని అడిగాను.

'నాకెందుకు నాయనా ఆ ఊరి కోర్టు గొడవలు?'

'తియ్యమని చెప్పింది మీరు.'

'నేనా? తియ్యమని నేనెందుకంటాను? తియ్యటానికి వీలు కాకపోతే వాకిటి వైపు రాగిరేకు కొట్టించుకోమన్నా. దోషం పోద్దన్నా. శేషగిరే, లేదండీ తీసేస్తామన్నాడు. తీసేస్తామన్నవాడికి ముహూర్తం పెట్టా. అంతే గదా నా పని.'

రాగిరేకు. అరచెయ్యంత. నాలుగు చిన్న మేకులు. అనుమతి అడిగితే అదీ రెండు నెలలే పట్టేదేమో, కానీ ఇచ్చేవాళ్ళు. ఇల్లు నిలబడేది. నేను నిలబడేవాణ్ణి.

ఫోను పెట్టేశాక నవ్వు వచ్చింది.

17 నవంబర్, గురువారం

బస్సెక్కి ఆ ఇంటికి పోయాను. ఎందుకో తెలీదు. కీత్ వ్యాను బయటే ఉంది. లోపల వాడొక్కడే, తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. ఇనుప దూలం ఇంకా రాలేదు. కౌన్సిల్ పని ఆపించింది. ప్రాపులు మాత్రం నాలుగయ్యాయి — ఆఫీసరమ్మ పెట్టించిందట.

పైకి చూశాను. దూలం అడుగున, నిట్రాడి నాలుక దూరి ఉండాల్సిన తొర్ర. దాని పక్కన నాలుగు గీతలు. ఇక అవి దేనికీ గుర్తు కాదు. తొర్ర మూలనుంచి పీచు వెంట ఒక పగులు, వెంట్రుక మందం. పోయిన నెల లేదు.

కీత్‌ని కాగితం గురించి అడిగాను. వాడు నమలడం ఆపలేదు. మీరిద్దరూ మీ భాషలో మాట్లాడుకున్నారు, నాకేం అర్థమైంది, నేను సామాను కొట్టుకి పోయి వచ్చేసరికి అయిపోయింది అని రాశానన్నాడు. నా ఎదురుగానే చెప్పాడు, చేతిలో టీ కప్పుతో ఆ గదిలో నిలబడ్డ మనిషి.

తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. నాకు మంచి చెయ్యి ఉందట. ఇన్నేళ్ళలో మట్టి పని ఇలా చేసినవాణ్ణి చూడలేదట. ఎక్కడ చూపించుకోవాలన్నా మంచిగా ఉత్తరం రాసిస్తాడట, ఇండియాలో అయినా సరే. ఇండియాలో! అక్కడ ఓక్ చట్రం ఇళ్ళు బాగుచేస్తానని ఎవరికి చూపించాలి?

'నువ్వు పోతావు, నేను ఇక్కడే బతకాలి' అన్నాడు చివరికి. అందరూ నన్ను పంపించే చోటు ఒకటే.

20 నవంబర్, ఆదివారం

వదిన ఫోను. పార్కులో ఉన్నట్టుంది, వెనక పిల్లల అరుపులు. సిద్ధాంతి శేషగిరికి ఫోను చేసి నేను అడిగిన సంగతి చెప్పాడట. ఆమె విన్నదట.

'రేకు చాలన్నాడట గదా, కోటీ?'

'నాతో అట్లాగే అన్నాడు.'

'మరి ఈయన ఎందుకు కోయించాడో తెలుసా నీకు?'

'తెలీదు వదినా.'

'నేనే. రేకు సంగతి నాకు అప్పుడే చెప్పాడు. నేనే వద్దన్నా. దాన్ని చూసుకుంటా రోజూ ఆ ఇంట్లోకి అడుగు పెట్టలేనన్నా. అది ఉంటే నేను రానన్నా. పది రోజులు అన్నం తినలా. అప్పుడు కోయించాడు.'

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

'ఆయన అబద్ధం రాసింది నా కోసం. తిట్టేదేందో నన్ను తిట్టు.'

తిట్టలేదు. పెట్టేశాను.

ఇన్ని రోజులూ కోపం ఉండబట్టి నిద్ర పట్టేది. ఇవాళ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీడం లేదు. ఆమెకి ఐదో నెల. ఆ మాట ముందు నా వీసా ఎంత చిన్నదో నాకు తెలుసు. తెలిసినా నాది నాదే. బిడ్డ పోయింది కాబట్టి ఇంకొకడి బతుకు తీసి ఆ ఖాళీలో పెట్టుకుంటారా? నేను వాళ్ళ బిడ్డకి ఏం చేశాను? రంపం పట్టాను. అంతే కదా. పట్టకుండా ఉండాల్సింది. ఆ రోజు ఆ ఇల్లు ఎట్లా నిలబడుతోందో ఆ గదిలో తెలిసి, పట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కీత్‌కి తెలిసినా పట్టలేదు. శేషగిరికి చెప్పినా ఎక్కలేదు. నాకు తెలుసు. తెలిసీ కోశాను, ఎవరో తమ్ముడూ అన్నారని.

22 నవంబర్, మంగళవారం

పొద్దున రాసిన ఉత్తరం. వాళ్ళ ఫ్లాట్ తలుపు సందులోంచి నేనే లోపలికి వేసి వచ్చాను. నకలు ఇక్కడ పెట్టుకుంటున్నాను.

శేషగిరి గారికి,

నేను కోశానని మీరు రాసింది నిజం. నా అంతట నేనే కోశానని రాసింది అబద్ధం. అక్టోబర్ 14న గదిలో మీరున్నారు, కీత్ ఉన్నాడు. కొయ్యమన్నది మీరు. ప్రాపులు పెట్టింది కీత్. కోసింది నేను. ఈ నాలుగు మాటలు మీ చేత్తో రాసి, కీత్ చేత కూడా సంతకం పెట్టించి కౌన్సిల్‌కి పంపండి. ఎందుకు కొయ్యమన్నారో రాయనక్కర్లేదు. అది మీ ఇంటి సంగతి, నా నోట ఎక్కడా రాదు. వదిన పేరు ఏ కాగితంలోనూ నేను రాయను.

మీకు పాప ఉంది, అప్లికేషను ఉంది. తెలుసు. నాకూ ఒక గడి ఉంది నింపాలి. మీరు ఎట్లాగూ అన్నది నా బతుకుని.

మీరు పంపినదాని నకలు నాకు శుక్రవారం, 25వ తేదీ సాయంత్రం ఐదింటిలోగా అందాలి. ఫోను వద్దు, ఉప్మాలు వద్దు, కాగితం కావాలి. అందకపోతే సోమవారం పొద్దున కౌన్సిల్ ఆఫీసుకి నేనే వెళ్తాను. అక్కడ ముందు నా తప్పు చెప్పి, తర్వాత మీ ఇద్దరిదీ చెప్తాను.

శుక్రవారం, ఐదు గంటలు.

కోటేశ్వరరావు